ఆఖరి పేజీ కింద

హాస్టల్, మూడో అంతస్తు
జులై 6

అమ్మా,

చేరాను. గదిలో ఇద్దరం. అవతలి మంచం అమ్మాయి కుట్టుపని నేర్చుకుంటోంది, నిద్రలో కూడా కొలతలు చెబుతుంది. నా మంచం కిటికీ పక్కన. ఆ కిటికీ మూసుకోదు, తెరుచుకోవడం మాత్రం తెరుచుకుంటుంది. అదీ నయమే.

ఫోన్ చెయ్యొద్దని బస్సు దగ్గర అన్నప్పుడు నీకు కోపం వచ్చింది. అది కనబడకూడదని నా సంచీ జిప్పు మూడుసార్లు లాగి చూశావు. ఎందుకు వద్దన్నానో చెబుతాను. ఫోన్లో నేను మాట్లాడకపోతే నువ్వు ఎదురు చూస్తావు. ఆ ఎదురు చూడటం నాకు వినబడుతుంది. బోర్డు దగ్గర నిలబెట్టి "ఊఁ, తర్వాత?" అన్నట్టు ఉంటుంది. దాంతో వచ్చే మాట కూడా రాదు. ఉత్తరమైతే నేను ఎంతసేపు ఆగానో నీకు తెలియదు. ఈ వాక్యానికీ ముందు వాక్యానికీ మధ్య ఒక స్నానం, ఒక టీ అయ్యాయి.

పని కుదిరింది. ఆస్పత్రి లాండ్రీలో, పొద్దున ఆరు నుంచి రెండు దాకా. ఉతికి ఆరిన దుప్పట్లు మడతపెట్టి వార్డుల వారీగా కట్టలు కట్టాలి. సాయంత్రం కాలేజీ అయిదింటికి మొదలు. క్లాసులో అందరూ ఏదో ఒక కారణంతో స్కూలు దగ్గరే ఆగిపోయినవాళ్ళు. నా పక్కన కూర్చునేది ఒక లారీ డ్రైవరు, నలభై ఏళ్ళుంటాయి, అందరికీ లారీ అన్న. మొదటిరోజే "నువ్వెందుకు ఆగిపోయావమ్మా?" అన్నాడు. "ఒంట్లో బాగాలేక" అన్నాను. "ఒంట్లోనేనా?" అని నా మొహం ఒకసారి చూసి, ఇంకేం అడగకుండా తన పెన్సిలు చెక్కుకున్నాడు.

లెక్కలు మళ్ళీ మొదటినుంచి చెబుతున్నారు. పదో తరగతి దాకా స్కూల్లో నేనే ఫస్టు అంటే ఇక్కడ ఎవరూ నమ్మరు, నాకూ నమ్మకం లేదు. పుస్తకం తెరిస్తే లెక్కలన్నీ ఎక్కడో చూసిన మనుషుల్లా ఉన్నాయి, పేర్లు గుర్తురావడం లేదు. అయిదు లెక్కలు చేసి ఇందులో పెడుతున్నాను. తీరికుంటే చూడు.

మార్చిలో పరీక్ష. లెక్కల్లో అరవై దాటితే ఈ ఆస్పత్రివాళ్ళ ఎక్స్‌రే కోర్సుకి పిలుస్తారు. రోజూ దుప్పట్ల బండి తోసుకుంటూ ఆ గది ముందు నుంచే వెళతాను. లోపల ఏం విరిగిందో మనిషి చెప్పక్కర్లేదు, ఫిల్ము మీద కనబడుతుంది. అది నాకు నచ్చింది. వస్తే ఆ చదువే రావాలి, ఇంకేదీ వద్దు.

మాత్రలు వేసుకుంటున్నాను. నువ్వు అడగకముందే రాసేశాను.

నీ కూతురు


స్టాఫ్ రూము
జులై 15

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. లెక్కలు దిద్ది వెనక్కి పంపుతున్నాను. అయిదింటిలో మూడు సరి. రెండోదానిలో పద్ధతి సరిగానే ఉంది, చివర తొందరపడ్డావు. అయిదోది ప్రశ్న పూర్తిగా చదవకుండా మొదలుపెట్టావు. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే, సగం చదవగానే అర్థమైపోయిందనుకుంటావు. మెట్లన్నీ రాయి. మనసులో చేసిన దానికి ఎవరూ మార్కులు వెయ్యరు.

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. ఇరవై రెండేళ్ళుగా ఈ స్కూల్లో నేను రాసినవి సెలవు చీటీలూ, పిల్లల డైరీల్లో ఫిర్యాదులూ. అందుకే ఇది కూడా ఫిర్యాదులాగే వస్తున్నట్టుంది. నీ మీద ఫిర్యాదేమీ లేదు. వారానికి అయిదు లెక్కల చొప్పున పంపు, మార్చికి సరిపోతాయి.

పొద్దున్నే లేచే పని కదా, ఏమైనా తినే వెళుతున్నావా? దుప్పట్ల బరువు ఒక్కర్తివే ఎత్తకు.

కింద నాన్నకి స్థలం వదులుతున్నాను.

అమ్మ

మేనేజరు గారికి, మీ అమ్మ ఈ ఉత్తరం మూడుసార్లు చిత్తు రాసి నాలుగోసారి ఫెయిర్ చేసింది. నేను చూడలేదనుకుంటోంది. షాపుకి ఒక ఫ్రిజ్ రిపేరుకి వచ్చింది. తలుపు తీస్తే లైటు ఆరిపోతోంది, వేస్తే వెలుగుతోందని ఓనరు అంటాడు. వేశాక ఎలా చూశాడో అడిగితే చెప్పడు. నాలుగు రోజులుగా దానితోనే నా కాపురం. చిన్నప్పుడు నువ్వు షాపు మేనేజరువై కూర్చున్న స్టూలు ఇంకా బల్ల వెనకే ఉంది. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వను. నాన్న.


హాస్టల్
సెప్టెంబరు 21

అమ్మా,

ఈ వారం అయిదూ సరి అయ్యాయని నువ్వు రాసింది లారీ అన్నకి చూపించాను. ఆయన కాగితం తిప్పి చూసి, "ఈ అడుగున 'చూశాను' ఏంటమ్మా, పోలీస్ స్టేషన్లోలాగా?" అన్నాడు. మా అమ్మ అంతే అన్నాను. ఏ కాగితం చూసినా కింద "చూశాను" అని రాసి, తేదీ వేసి, సంతకం పెడుతుంది అన్నాను. ఒకటో తరగతిలో నేను నీకు బొమ్మేసి ఇచ్చిన పుట్టినరోజు కార్డు కింద కూడా అలాగే రాసి ఇచ్చావు. నేను ఏడుస్తుంటే నాన్న నవ్వాడు. నువ్వు మాత్రం, "చూడనిదాని మీద సంతకం పెట్టను, చూసినదాని కింద పెట్టకుండా ఉండను, ఇందులో ఏడవడానికేముంది?" అన్నావు.

ఇప్పుడు అవి నాకు కావాలి. ఆ ముక్క కోసమే కవరు విప్పుతున్నాను, మార్కుల కోసం కాదు.

నీకు ఒకటి చెప్పాలని ఉంది. ఆ రెండేళ్ళు ఎలా ఉండేదో నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బాధ అని అందరూ అనుకుంటారు. బాధ కూడా ఉండేది కాదు. పొద్దున కళ్ళు తెరిస్తే, లేవాలంటే ముందు దుప్పటి తీయాలి, దానికి ముందు చెయ్యి కదపాలి, ఆ చెయ్యి ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టు ఉండేది. జడ వేసుకోవడం అంటే కొండ ఎక్కమన్నట్టే. నువ్వు గుమ్మంలో నిలబడి "ఏడున్నర" అనేదానివి. అంతే, ఒక్క మాట. ఏడున్నర అని నాకూ తెలుసు. తెలిసినవన్నీ తెలుస్తూనే ఉండేవి, ఏదీ నాదాకా వచ్చేది కాదు.

ఆఖరి లెక్కల పరీక్ష నాకు పెద్దగా గుర్తులేదు. మూడు గంటలూ ఫ్యాను చప్పుడు ఉంది. ఇంటికొచ్చాక "ఎలా రాశావు?" అన్నావు. "బాగానే" అన్నాను. "మంచిది" అని లోపలికి వెళ్ళిపోయావు. నీకు అబద్ధం చెప్పాను కదా, సున్నా వచ్చిందన్న దానికంటే అదే నన్ను ఎక్కువ తినేసింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. క్షమించు.

నీ కూతురు


స్టాఫ్ రూము
అక్టోబరు 3

అమ్మలూ,

క్షమించు అని నాకు రాయకు. ఇంకెప్పుడూ రాయకు.

నేను దాన్ని బద్ధకం అనుకున్నాను. పొగరు అని కూడా అనుకున్నాను, ఫస్టు వచ్చే పిల్లలకి ఒక వయసులో వస్తుందిలే అని. ఏడున్నర అని ఎందుకు అనేదాన్నంటే, ఇంకేమనాలో నాకు తెలిసేది కాదు. గుమ్మం దాటి లోపలికి వస్తే ఏం చెయ్యాలో కూడా తెలిసేది కాదు. లెక్క రాని పిల్లకి ఎలా చెప్పాలో తెలుసు. అన్నీ వచ్చిన పిల్ల లేవకపోతే ఏం చెయ్యాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

ఈసారి లెక్కల్లో నాలుగోది చాలా బాగా చేశావు. నాకు తోచని దారిలో చేశావు. క్లాసులో బోర్డు మీద వేసి చూపించాను. ఎవరు చేశారు టీచర్ అని అడిగారు. నా స్టూడెంటు అన్నాను.

అమ్మ

మేనేజరు గారికి, "నా స్టూడెంటు" అన్నదిట. ఇంటికొచ్చి నాకు రెండుసార్లు చెప్పింది. లైటు ఫ్రిజ్ బాగైపోయింది, స్విచ్చి తిరగేసి బిగించారు ఎవరో మహానుభావులు. అది ఎవరో కాదు, పోయినసారి నేనే. నాన్న.


హాస్టల్
నవంబరు 9

అమ్మా,

ఎక్స్‌రే కోర్సు ఫారం తెచ్చుకున్నాను. నాలుగు పేజీలు. మూడో పేజీలో ఒక గడి ఉంది: "స్కూలు మార్కులు తక్కువగా ఉంటే కారణం, తగిన ఆధారం జతచేయండి." ఆధారం లేకపోతే పాత మార్కులే చూస్తారట. లెక్కల్లో సున్నా చూసి ఎవరు పిలుస్తారు? ఇప్పుడు నాకు తొంభై వచ్చినా ఆ సున్నా పక్కనే కూర్చుంటుంది.

డాక్టరమ్మ చీటీ ఉంది కానీ దాని మీద తేదీ మే నెల. పరీక్ష మార్చిలో. "అప్పుడే జబ్బు ఉన్నట్టు ఎలా తెలుస్తుంది? ఫెయిలయ్యాక వచ్చిన దిగులు కూడా కావచ్చు కదా?" అని ఆఫీసులో ఆవిడ అంది. మర్యాదగానే అంది.

అప్పుడు గుర్తొచ్చింది. పరీక్ష అయిన నెలరోజుల్లోపు అడిగితే, ఒంట్లో బాగాలేని పిల్లలకి మళ్ళీ పరీక్ష పెట్టే వీలుండేది కదా, నేను చదివిన మీ స్కూల్లో. నాన్న ఆ దరఖాస్తు నింపి, సంతకం పెట్టి, రోజూ నువ్వు వెళ్ళేదే కదా అని నీ చేతికిచ్చాడు. వాళ్ళు కుదరదన్నారని నువ్వు చెప్పావు. నాన్న వెళ్ళి గేటు దగ్గర గొడవపడబోతే నువ్వే బయటికి వచ్చి పంపించేశావు. ఆయన ఇంటికొచ్చి నా మంచం అంచున కూర్చుని "వాళ్ళకి మనసు లేదమ్మా" అన్నాడు. షాపు బట్టలతోనే కూర్చున్నాడు, ఆ గ్రీజు వాసన ఇంకా గుర్తు.

కుదరదని వాళ్ళు ఇచ్చిన కాగితం ఉంటుంది కదా. దాని మీద ఏప్రిల్ తేదీ ఉంటుంది. అప్పటికే మనం అడిగామని తెలిస్తే చాలు. నువ్వు ఏ కాగితమూ పారెయ్యవు. తీసి పంపు. ఫిబ్రవరి ఆఖరుకి ఇవ్వాలి.

నీ కూతురు


స్టాఫ్ రూము
నవంబరు 18

అమ్మలూ,

లెక్కలు అయిదూ చూశాను. మూడోదానిలో చిన్న పొరపాటు, నువ్వే కనుక్కో.

ఆ కాగితం వెతకాలి. స్కూల్లో తనిఖీ ఉంది, తీరిక దొరకడం లేదు. చలి మొదలైంది, ఆ కిటికీకి అట్టముక్క పెట్టించుకో.

అమ్మ

మేనేజరు గారికి, కాగితం సంగతి మీ అమ్మ నాకు చెప్పలేదు, నీ ఉత్తరం బల్లమీద ఉంటే చదివాను. నువ్వు దిగులుపడకు. రేపు షాపు మూసేసి అటక మీద డబ్బాలన్నీ దింపుతాను. ఉన్న కాగితం ఎక్కడికి పోతుంది? నాన్న.


ఇల్లు
డిసెంబరు 2

అమ్మలూ,

ఇది చిత్తు రాయకుండా రాస్తున్నాను. కొట్టివేతలుంటే ఉండనీ.

అలాంటి కాగితం లేదు. నేను ఆ దరఖాస్తు ఇవ్వలేదు. నాన్న నింపి ఇచ్చింది నా సొరుగులో, హాజరు పట్టీల కింద, మూడేళ్ళుగా ఉంది. నాన్న రెండు రోజులు డబ్బాలు దింపి ఒక్కో కాగితం దులిపి చూస్తుంటే వంటింట్లోంచి చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు చెప్పాను. ఆయన చేతిలో ఉన్న డబ్బా మళ్ళీ అటక మీద పెట్టి, చేతులు కడుక్కుని, షాపుకి వెళ్ళిపోయారు. అప్పటినుంచి మాటల్లేవు.

ఎందుకు ఇవ్వలేదంటే చెబుతాను, సాకు కాదు. ఆ దరఖాస్తులు చూసే కమిటీలో నేనూ ఉన్నాను. అంతకు ముందు ఏడాదే ఒక తల్లి తన కూతురి కోసం ఇలాగే రాసి తెచ్చింది. మనసు బాగోలేదు, పిల్ల లేవడం లేదు అని. మిగతా ఇద్దరూ మెత్తబడ్డారు. "మనసు బాగోలేదంటే రేపు క్లాసంతా తెస్తారు" అని తిప్పి పంపింది నేను. ఏడాది తిరక్కుండా నా కూతురికి అదే కాగితం పట్టుకుని ఆ బల్ల ముందుకు ఎలా వెళ్ళను? ఒక్క మార్కు ఎవరికీ ఎక్కువ వెయ్యని టీచరని నా పేరు. ఆ పేరు కాపాడుకున్నాను.

ఇంకా ఉంది. ఇది నాన్నకి కూడా చెప్పలేదు, ముందు నీకే చెబుతున్నాను.

ఆ రోజు పరీక్ష అయ్యాక జవాబు పత్రాలు లెక్కపెట్టి కట్టలు కట్టే డ్యూటీ నాది. రాయకుండా వదిలేసిన పేజీలకి అడ్డంగా ఎర్ర గీత కొట్టి, ఆఖరి పేజీ కింద సంతకం పెట్టాలి. నూట పందొమ్మిది పత్రాలు. నీ నంబరు వచ్చింది. మొదటి పేజీ ఖాళీ. గీత కొట్టాను. రెండో పేజీ ఖాళీ. అలా ఇరవై మూడు పేజీలకి గీతలు కొట్టాను. ఇరవై నాలుగో పేజీలో అడుగున మూడు ముక్కలు రాసి ఉన్నాయి, నీ చేతిరాతే.

"లెక్కలన్నీ వచ్చు. చెయ్యి కదలడం లేదు. దయచేసి మా అమ్మకి చెప్పండి."

కట్టలు కట్టేది నేనని నీకు తెలియదు. దిద్దడానికి బయటి స్కూలు ఆయన వచ్చారు. గీతలు చూసి సున్నా వేసి ఉంటారు, ఆఖరిదాకా తిప్పి ఉండరు. చదివింది నేనొక్కదాన్నే. చదివి, కట్టలో పెట్టి, దారం బిగించి, ఇంటికొచ్చి, ఎలా రాశావని నిన్ను అడిగాను. నువ్వు బాగానే అన్నావు. నేను మంచిది అన్నాను.

అబద్ధం చెప్పానని నువ్వు సెప్టెంబరులో నాకు క్షమాపణ రాశావు. ఆ ఉత్తరం చదివిన రోజు నుంచి సరిగ్గా నిద్రలేదు. ఉండకూడదు కూడా.

నెల తర్వాత ఆ కట్టలు చిత్తు కాగితాలకి వేసేస్తారు. ముందురోజు వెళ్ళి నీది తీసుకొచ్చాను. ఎందుకు తెచ్చానో, తెచ్చి ఎందుకు దాచానో నాకు తెలియదు. ఇందులో పెడుతున్నాను. మొదటి పేజీ మీద ఆ రోజు తేదీ, స్కూలు ముద్ర ఉన్నాయి. నీకు కావలసిన ఆధారం ఇదే. మూడేళ్ళ క్రితం కూడా ఇదే.

కింద నాన్నకి స్థలం వదిలాను. రాయనన్నారు.

అమ్మ


హాస్టల్
డిసెంబరు 20

అందింది.

లెక్కలు ఇక పంపను. నువ్వూ పంపకు.

నాన్నకి ఆ పేజీ సంగతి నువ్వే చెప్పు. నా చేత చెప్పించకు.


ఇల్లు
ఫిబ్రవరి 11

అమ్మలూ,

పంపొద్దన్నావు, లెక్కలు పంపడం లేదు. ఉత్తరం వద్దని రాయలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఇదీ వద్దంటే మానేస్తాను.

నాన్నకి చెప్పాను. తింటారు, పడుకుంటారు, గ్యాసు అయిపోయిందని చెబుతారు. నీ గది తుడిచి, నీ మంచం అంచున కాసేపు కూర్చుని వెళతారు.

నేను తిప్పి పంపిన ఆ అమ్మాయి ఇల్లు వెతుక్కుని వెళ్ళాను. వాళ్ళమ్మ నన్ను గుర్తుపట్టి కుర్చీ తుడిచి వేసింది. అమ్మాయి చదువు మానేసి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తోందట, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదట. నేను వచ్చిన పని చెప్పలేక కూర్చుంటే ఆవిడే, "మీ అమ్మాయికి కూడా ఒంట్లో బాగోలేదని విన్నాం, ఇప్పుడెలా ఉంది టీచరుగారూ?" అని అడిగింది. బాగుందన్నాను. తర్వాత చెప్పవలసింది చెప్పాను. విని, "ఇప్పుడు చెప్పి ఏం లాభమండీ" అంది. కేకలేస్తే బాగుండేది. ఆవిడ గేటు దాకా వచ్చి సాగనంపింది.

కమిటీలోంచి తప్పుకున్నాను. అదేమీ గొప్ప కాదు.

పరీక్షకి రెండు పెన్నులు తీసుకెళ్ళు. మంచినీళ్ళ సీసా మూత గట్టిగా పెట్టు.

అమ్మ


హాస్టల్
ఏప్రిల్ 4

అమ్మా,

పరీక్షలు అయిపోయాయి.

డిసెంబరులో తొమ్మిది రోజులు నేను లేవలేదు. అదే దుప్పటి, అదే చెయ్యి. ఇక్కడ కూడా వచ్చేసిందనుకున్నాను. మూడో రోజు నుంచి మాత్రలు కూడా వేసుకోలేదు. నా గదిలో అమ్మాయి భయపడి లారీ అన్నకి కబురు పెట్టింది. ఆయన వార్డెన్‌ని ఒప్పించి పైకి వచ్చాడు, గుమ్మంలో ఆగలేదు. లోపలికి వచ్చి, నేలమీద కూర్చుని, తన లెక్కల పుస్తకం తీసి చదువుకోవడం మొదలుపెట్టాడు. నాతో ఏమీ మాట్లాడలేదు. గంట తర్వాత "ఇదెలా చెయ్యాలమ్మా?" అన్నాడు. నేను పడుకునే చెప్పాను. మర్నాడు ఇంకోటి. ఆయన వచ్చిన అయిదో రోజుకి కూర్చుని చెప్పాను. ఆ తర్వాత నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు మందు మార్చారు.

లోపలికి రావాలి, ఏమీ అనక్కర్లేదు. ఇంతేనా అమ్మా? ఇంతే అయితే నీకు ఎందుకు కష్టమైంది?

లెక్కల పరీక్ష రోజు లారీ అన్న నా ముందు బల్ల. మొదలయ్యే ముందు వెనక్కి తిరిగి, "పెన్ను మూత తీసిపెట్టు, మిగతాది తర్వాత చూద్దాం" అన్నాడు. తీశాను. మెట్లన్నీ రాశాను.

దరఖాస్తుకి ఆ ఆఖరి పేజీ, మొదటి పేజీ జిరాక్స్ తీసి పెట్టాను. ఆ మాటలు నేను రాశానన్నది కూడా నాకు గుర్తులేదు. ఎవరో పిల్ల రాసిందనుకుని చదివాను, ఆ పిల్ల మీద చాలా జాలేసింది.

నీ కూతురు


హాస్టల్
జూన్ 27

అమ్మా,

లెక్కల్లో డెబ్భై నాలుగు. లారీ అన్నకి నలభై ఒకటి. పాసయ్యాడు, కాలేజీ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

ఎక్స్‌రే కోర్సులో సీటు వచ్చింది. ఆగస్టులో మొదలు. లాండ్రీ పని వారాంతాల్లో చేస్తాను.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ ఆ జిరాక్స్ చదివింది. కళ్ళజోడు తీసి మళ్ళీ చదివింది. "మీ అమ్మగారికి ఎవరూ చెప్పలేదా?" అని అడిగింది. "లేదండీ, ఆ పేజీ ఎవరూ చూడలేదు" అన్నాను. "అయ్యో" అంది. అంతటితో అయిపోయింది, మిగతా ప్రశ్నలు వేరే.

నిన్ను కాపాడటానికి చెప్పానో, నా తల్లి చూసి కూడా ఊరుకుందని పరాయివాళ్ళ ముందు చెప్పలేక చెప్పానో తేల్చుకోలేకపోతున్నాను. బయటికి వచ్చాక చాలా కోపం వచ్చింది. మళ్ళీ నేనే అబద్ధం చెప్పాల్సి వచ్చింది.

ఆ జవాబు పత్రం దీంతో పంపుతున్నాను. ఆ ఏటి ప్రశ్నపత్రం కాలేజీ లైబ్రరీలో దొరికింది. ఆదివారం గడియారం ముందు పెట్టుకుని మూడు గంటల్లో రాశాను, అందులోనే. నువ్వు కొట్టిన గీతల మీదే రాయాల్సి వచ్చింది, అర్థం కాకపోతే వెలుగులో పెట్టి చూడు. ఆఖరి పేజీ మాత్రం ముట్టుకోలేదు. అది అప్పుడు ఉన్నట్టే ఉంది.

దిద్ది పంపు. ఇది ఎక్కడా లెక్కలోకి రాదని తెలుసు.

సెలవులకి ఇంటికి రాను. కోపంతో కాదు. ఆ గుమ్మం ఇంకా చూడలేను. నాన్నని ఒకసారి ఇక్కడికి రమ్మను.

నీ కూతురు


ఇల్లు
జులై 8

నాన్న ఈసారి ముందు రాస్తానన్నారు. పైన స్థలం ఆయనకిచ్చాను.

మేనేజరు గారికి, సీటు వచ్చిందని షాపులో అందరికీ చెప్పాను. షాపులో ఉన్నది నేనూ, రెండు ఫ్రిజ్‌లూ. వచ్చే ఆదివారం వస్తున్నాను. ఆ కిటికీ మూసుకునేలా చేసి వస్తాను. ఆ రోజు నీ మంచం మీద కూర్చుని వాళ్ళకి మనసు లేదమ్మా అన్నాను కదా. తెలియక అన్నాను. ఇప్పుడు ఏమనాలో నాకు తెలియడం లేదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం. నాన్న.

అమ్మలూ,

పత్రం దిద్దాను. నూటికి ఎనభై ఒకటి. ఆరో లెక్కలో గుర్తు తప్పింది, రెండు మార్కులు తీశాను. పదకొండోదానికి పటం లేదు, మూడు తీశాను. పద్నాలుగోది సగంలో ఆపేశావు, టైము చాలక అనుకుంటాను, పద్నాలుగు పోయాయి. ఎక్కడా ఎక్కువ వెయ్యలేదు. కావాలంటే ఇంకొకరి చేత దిద్దించుకో. ఆ రోజు నీకు వచ్చిన లెక్కలు ఇవి. ఇన్ని వచ్చిన పిల్లకి నేను ఇరవై మూడు గీతలు కొట్టాను.

లోపలికి రావడం నీకెందుకు కష్టమైందని ఏప్రిల్‌లో అడిగావు. మూడు నెలలుగా ఆలోచిస్తున్నాను. వస్తే ఒప్పుకున్నట్టవుతుంది. నా పిల్లకి నేను చెయ్యలేనిది ఒకటుందని. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. దీనికి మార్కులు రావు.

ఇప్పుడే ఇంటికి రానక్కర్లేదు. నీకు రావాలనిపించిన రోజు రా, అనిపించకపోతే వద్దు. గుమ్మంలో నేను నిలబడను.

ఆ రోజు నూట పద్దెనిమిది పత్రాల మీద సంతకం పెట్టాను. నీదాని మీద పెట్టలేదు. చూసినదాని కింద పెట్టకుండా వదిలింది నా ఉద్యోగంలో అదొక్కటే. నిన్న ఎర్ర పెన్ను తీసుకుని, ఆఖరి పేజీలో నీ మాటల కింద "చూశాను" అని రాసి సంతకం పెట్టాను. జిరాక్స్ ఒకటి ఇంటర్వ్యూ చేసిన ఆ పెద్దావిడ పేరు మీద పంపాను, పిల్ల అబద్ధం చెప్పింది నా కోసమని రాసి. ఇంకొకటి మా హెడ్‌మిస్ట్రెస్ గారి బల్ల మీద పెట్టాను. అసలుది నీకు పంపుతున్నాను.

తేదీ నిన్నటిది వెయ్యలేదు. చూసిన రోజుదే వేశాను.

అమ్మ